ముగ్గురు పిల్లల బ్రహ్మచారి

కొరిన్‌ని నేను మొదటిసారి చూసింది అక్టోబరు ఇరవయ్యో తారీఖు పొద్దున ఏడున్నరకి. తను నన్ను అసహ్యించుకోవడం మొదలుపెట్టింది ఏడూ ముప్ఫై ఎనిమిదికి.

అంత తొందరగా ఒక అమ్మాయి చేత ఛీ అనిపించుకోవడం మాటలు కాదు. అలాగని నేను పెద్దగా కష్టపడిందీ లేదు. ఒక కాగితం నింపానంతే.

ఆ రోజు మా జిల్లా రోడ్ల ఆఫీసులో నా ఉద్యోగం మొదటి రోజు. మంచు తోసే లారీకి డ్రైవర్ని. అమెరికా ఉత్తరపు అంచున ఉన్న మా టామరాక్ ఊళ్ళో ఆ ఉద్యోగానికున్న గౌరవం డాక్టరుకి కూడా లేదు. సుపీరియర్ సరస్సు మీంచి గాలి ఇటు తిరిగిందంటే ఒక్క పూటలో మోకాలి లోతు మంచు పడుతుంది. అప్పుడు ఆ డాక్టరు ఆసుపత్రికి వెళ్ళాలన్నా మేమే దిక్కు. మా అమ్మమ్మ ఐలి మురిసిపోయి నా డ్యూటీ కోటు ఇస్త్రీ చేసింది. ఇస్త్రీ చెయ్యకూడదని ఆ కోటు మీదే రాసి ఉంటుంది. మా వంశంలో ఎవరికీ చదివి చేసే అలవాటు లేదు.

మేస్త్రి రేనో కెట్టునెన్ నా చేతిలో డబ్ల్యూ ఫోర్ ఫారం పెట్టాడు. జీతంలోంచి ఆదాయపు పన్ను ఎంత కొయ్యాలో ఆఫీసుకి చెప్పే ఫారం అది. దాంతోపాటు ప్లాస్టిక్ కవర్లో, కాఫీ మరకలతో ఇంకో కాగితం కూడా ఇచ్చాడు. ఎప్పుడో తను నింపుకున్న ఫారానికి నకలు.

"ఇది చూసి దించెయ్. పేరూ అడ్రసూ మాత్రం నీవి రాయి" అన్నాడు.

"మిగతావి?"

"మిగతావన్నీ ఇందులో ఉన్నట్టే. ఇక్కడ అందరం అంతే చేశాం. ఆ ఫారం చదివినోడెవడూ బాగుపడలేదురా అబ్బాయ్."

అక్కడున్న పదిమంది డ్రైవర్లూ కాఫీ తాగుతూ తలలూపారు. పెద్దవాళ్ళ పద్ధతిని గౌరవించాలి కదా అని నేనూ దించేశాను. పైన మూడు గడులుంటే రేనో మధ్య గడిలో టిక్కు పెట్టాడు, నేనూ మధ్య గడిలో పెట్టాను. కింద ఒక గీత మీద ఏదో అంకె వేశాడు, నేనూ అదే వేశాను. సంతకం మాత్రం నా సొంతం. అది చాలా స్టైలుగా పెట్టాను.

జీతాల సెక్షన్ కిటికీ వెనక ఆకుపచ్చ స్వెట్టరు, జుట్టులో గుచ్చిన పెన్సిలు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు కనిపించాయి. పాత గుమస్తా ముసలావిడ ముప్ఫై ఏళ్ళపాటు ఎవరేమిచ్చినా చూడకుండా బీరువాలో పడేసి ఈమధ్యే రిటైరైంది. ఆ సీట్లోకి విస్కాన్సిన్ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి ఈ కొరిన్ డుఫెక్. చూడకుండా దేన్నీ బీరువాలో పడేసే రకం కాదని నాకేం తెలుసు?

"కొత్తగా చేరారా?" అంది.

"అవునండీ. మీరూ కొత్తేగా. కావాలంటే ఒకరికొకరం ఊరు చూపించుకోవచ్చు."

"మీరు ఈ ఊరివాళ్ళు కాదా?"

"పుట్టిందిక్కడే. అయినా పరవాలేదు, మీతో మళ్ళీ చూస్తాను."

నవ్వింది. ఇదే అదను అనుకుని ఇంకో అడుగు ముందుకేశాను.

"శనివారం ఖాళీయేనా? రేవు దగ్గర ఒక చోట పేస్టీలు బ్రహ్మాండంగా చేస్తారు. మాంసం, దుంపలు కూరి వేడివేడిగా..."

ఏదో చెప్పబోయి, చేతిలో ఉన్న నా ఫారం మీదికి చూపు దించింది. కనుబొమలు ముడిపడ్డాయి. నవ్వు ఎటు పోయిందో పోయింది.

"మీకు సిగ్గనిపించడం లేదా?"

"అనిపిస్తోందండీ. అయినా ధైర్యం చేసి అడిగాను."

"ఆ పేస్టీలేవో మీ ఇంటికి తీసుకెళ్ళండి. ఐదు తీసుకెళ్ళండి!"

కిటికీ ధడాలున మూసుకుంది.

"ఐదెందుకండీ? ఇంట్లో ఉన్నది నేనూ, మా అమ్మమ్మా" అన్నాను మూసిన కిటికీతో. కిటికీ ఏమీ అనలేదు.

* * *

ఆ చలికాలమంతా నాకు బయటకంటే జీతాల సెక్షన్ దగ్గరే ఎక్కువ చలి వేసింది.

సాయంత్రం ఆఫీసు వదిలాక కనిపిస్తే ఆగేవాణ్ణి. తను మాత్రం ఆగేది కాదు.

"ఇంట్లో మీ కోసం చూస్తూంటారు, వెళ్ళండి" అనేది.

"మా అమ్మమ్మా? ఆవిడ భోంచేసి టీవీ ముందు కూచుంటే నన్ను గుర్తు కూడా పట్టదండీ."

"పాపం, ఆ వయసులో ఇంటిపనంతా ఆవిడ నెత్తినే పెట్టారన్నమాట!"

"వద్దంటే వినదండీ..."

ఓ చూపు చూసి వెళ్ళిపోయేది. ఒకరి ఫారంలో ఏముందో రెండోవాళ్ళ ముందు ఎత్తకూడదనీ, ఎత్తి ఆ మనిషినే కడిగెయ్యడం కూడా మర్యాద కాదనీ తను నోరు కట్టేసుకుందని నాకు తెలియదు. నేనేదో పుట్టుకతోనే అసహ్యమైనవాణ్ణి అనుకుంటూ అద్దంలో చూసుకునేవాణ్ణి.

మంచు పడ్డ రోజుల్లో తనుండే వీధి నా రూట్లో మూడోది. దాన్ని మొదటిదిగా మార్చుకున్నాను. పార్కింగులో తన కారు చుట్టూ మంచు ఎత్తిపోశాను. అద్దాల మీద గడ్డకట్టింది గీకేశాను. జనవరిలో ఒకరోజు నేను రావడానికి ముందే కారు అద్దానికి చీటీ అంటించి ఉంది.

"ఇలాంటివి ఇంకెప్పుడూ చెయ్యకండి. మానేస్తే మీకే మంచిది."

ఆ చీటీ రేనోకి చూపించాను. "మేస్త్రీ, చూశావా? నా మంచి కోరుతోంది!"

రేనో చదివి, నా నుదుటి మీద చెయ్యేసి చూశాడు. "జ్వరమేం లేదే" అన్నాడు.

ఆ చీటీని మాత్రం కోటు లోపలి జేబులో దాచుకున్నాను.

* * *

ఫిబ్రవరి వచ్చింది. పోయినేటి జీతం కాగితాలు చేతికొచ్చి, ఊళ్ళో ప్రతివాడూ పన్ను లెక్క చూసుకుని తిట్టుకునే రోజులు. జీతం చీటీ మీద నా పేరు సరిగ్గానే ఉందా అని అడగడానికి కిటికీ దగ్గరికి వెళ్ళాను. అలా అడగడం అప్పటికి నాలుగోసారి.

"హకాలా. ఎల్లిస్ హకాలా. పోయినవారంలాగే ఉంది" అని కొరిన్ అంటూ ఉండగానే తలుపు తోసుకుని హెల్వక్క వచ్చింది. హెల్వి అంటే మా రేనో భార్య. బడి వంటగదిలో పని. ఆప్రన్ కూడా విప్పకుండా వచ్చింది. వెనక రేనో బుద్ధిమంతుడిలా నడుస్తున్నాడు.

"అమ్మాయ్, నువ్వే తేల్చు" అంది హెల్వక్క ఇద్దరి డబ్ల్యూ ఫోర్ ఫారాల నకళ్ళూ కిటికీలోంచి లోపలికి తోస్తూ. "ఈయన జీతంలోనూ కోస్తున్నారు, నా జీతంలోనూ కోస్తున్నారు. మరి ఏప్రిల్ వచ్చేసరికి మళ్ళీ వేలకివేలు కట్టమంటారేం? ఎక్కడికన్నా వెళ్దామని దాచుకున్నదంతా దానికే పోతోంది. ఈయనేమో నా ఉద్యోగం వల్లే అంటాడు!"

"నేనలా అన్లేదు. నువ్వు ఉద్యోగంలో చేరకముందు ఈ గొడవ లేదన్నాను."

"విన్నావా, విన్నావా!"

కొరిన్ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుంది. నా సంగతి మర్చిపోయింది. నేను కదలకుండా గోడకి అంటుకున్నాను.

"హెల్వి గారూ, మీ బడిలో భోజనం పెట్టే కౌంటర్లు ఎన్ని?"

"రెండు. ఎందుకు?"

"ఒక పిల్లాడు మొదటి కౌంటర్లో భోజనం పట్టుకున్నాడు. తినేసి రెండో కౌంటరుకెళ్ళి ఇంకోటి పట్టుకున్నాడు. వీడు ఆకలితో ఉన్నాడని వాళ్ళూ అనుకున్నారు, వీళ్ళూ అనుకున్నారు. అప్పుడేమవుతుంది?"

"ఏమవుతుంది, సాయంత్రం లెక్కలో ఒక భోజనం తేడా వస్తుంది. వాడి వీపు చిట్లుతుంది."

"అదే జరిగింది. పెళ్ళయినవాళ్ళకి ఏడాదికి ఇంత జీతం మీద పన్ను లేదని ఒక మినహాయింపు ఉంది. ఇంటికి ఒక్కసారే. మీరు మీ బడిలో పెళ్ళయిందని రాసిచ్చారు. మొత్తం మినహాయింపు మీకు ఇచ్చేసి, మిగతాదాని మీదే కోశారు. రేనో గారూ ఇక్కడ అదే రాశారు. ఇక్కడా మొత్తం ఇచ్చేశారు. ఇంట్లో ఇంకో జీతం ఉందని రెండు ఆఫీసులకీ తెలీదు."

"ఎందుకు తెలీదు? ఊరంతటికీ తెలుసు!"

"ఫారానికి తెలీదు. ఇదిగో, రెండో మెట్టులో ఈ చిన్న గడి. ఇంట్లో మొత్తం రెండే ఉద్యోగాలుంటే ఇందులో టిక్కు పెట్టాలి. ఇద్దరి ఫారాల్లోనూ పెట్టాలి. ఒకళ్ళు పెడితే చాలదు. అప్పుడు మినహాయింపు చెరిసగం అవుతుంది, కోత సరిపోతుంది. మీ ఇద్దరి జీతాలూ దాదాపు సమానమే కాబట్టి ఇది చాలు."

హెల్వక్క ఆ గడిని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఈ గడేనా మా ఇంట్లో ఇన్నేళ్ళు గొడవలు పెట్టింది?"

"ఇంకోటి కూడా ఉంది. పిల్లల్ని ఇద్దరూ రాసుకున్నారు. కాగితాల మీద మీకు ఆరుగురు పిల్లలు."

"ఆరుగురా! ముగ్గురికే చస్తున్నాను!" అని హెల్వక్క రేనో వైపు తిరిగింది. "నీ ఫారం చూసి దించమన్నావు కదూ? నా చేతే కాదమ్మా, ఈయన ఈ ఆఫీసు మొత్తం చేత అదే దింపించాడు. పదిమంది డ్రైవర్లు! కొత్తగా చేరిన వీణ్ణి చూడు, ఈ ఎల్లిస్‌ని. ఇంట్లో పిల్లి కూడా లేదు వీడికి. కాగితం మీద మాత్రం ఒక పెళ్ళాం, ముగ్గురు పిల్లలు. అదీ నా పిల్లలు!"

కొరిన్ జుట్టులోంచి పెన్సిలు జారి టేబులు మీద పడింది.

మెల్లగా నా వైపు తిరిగింది. "మీకు పెళ్ళి కాలేదా?"

"నాకా? నన్నెవరు చేసుకుంటారండీ?"

"ముగ్గురు పిల్లలు?"

"ఎవరికి?"

అప్పుడు తట్టింది నాకు. ఐదు పేస్టీలు, పాపం ఆ వయసులో, మానేస్తే మీకే మంచిది... అన్నీ వరసగా వచ్చి నా బుర్రలో కూర్చున్నాయి.

"అంటే నాలుగు నెలల్నుంచీ... నాకు పెళ్ళాం పిల్లలున్నారనా...? అందుకా!" అని గట్టిగా నవ్వేశాను. నవ్వకుండా ఉండాల్సింది.

తన మొహం ఎర్రబడింది. "నవ్వుతున్నారా? సంతకం పైన ఏం రాసి ఉందో చూశారా? ఇందులోవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నానని ఉంది. మీరు చదివారా?"

"లేదండీ."

"చదవకుండానే ప్రమాణం చేసేశారు!"

ఈసారి కిటికీ వెయ్యలేదు. ఒక ఖాళీ ఫారం నా ముందుకి తోసింది. "కూర్చోండి. ప్రతి లైనూ చదివి నింపండి. పైకి చదవండి."

చదివాను. రేనో, హెల్వక్క సినిమా చూస్తున్నట్టు బెంచీ మీద కూర్చున్నారు.

"ఒంటరివాడు... అనే గడిలో టిక్కు పెడుతున్నానండీ. చాలా గట్టిగా పెడుతున్నాను."

"మామూలుగా పెడితే చాలు."

"రెండో మెట్టు. జీవిత భాగస్వామి కూడా ఉద్యోగం చేస్తూంటే... ఇది ప్రస్తుతానికి వదిలేస్తున్నాను."

"ప్రస్తుతానికి అని పైకి చదవక్కర్లేదు. అక్కడ లేదది."

"పిల్లలు... సున్నా. మా హెల్వక్కవి హెల్వక్కకి ఇచ్చేస్తున్నాను."

కొరిన్ మొహం తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వు ఆపుకుంటోందని హెల్వక్క నాకు సైగ చేసింది.

"మరి పేస్టీ?" అన్నాను సంతకం పెట్టి.

"ముందు కొత్త ఫారం ప్రకారం ఒక జీతం పడనివ్వండి. అప్పుడు చూద్దాం."

రెండు వారాల తరువాత నా జీతం బాగా తగ్గింది. ఆ చీటీ పట్టుకుని ఆఫీసు వరండాలో గంతులేశాను. జీతం తగ్గినందుకు గంతులేసినవాణ్ణి మా ఆఫీసులో ఎవరూ అంతకుముందు చూడలేదట. పోయినేడు చివర్లో తక్కువ కోయించుకున్న పాపానికి ఏప్రిల్లో కట్టాల్సిందేదో కట్టాను. అది కూడా ఈల వేస్తూనే కట్టాను.

* * *

పేస్టీ కొట్లో కిటికీ పక్క బల్ల. బయట మంచు కరిగి చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. నేను కెచప్ పోసుకున్నాను. తను గ్రేవీ తెమ్మంది.

"గ్రేవీయా! మా ఊళ్ళో పేస్టీ మీద గ్రేవీ పోసుకుంటే బహిష్కరిస్తారు."

"నన్ను ముగ్గురు పిల్లలున్నవాడితో కూర్చున్నందుకే బహిష్కరించి ఉంటారు, ఇంకేం భయం?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. మీరు అన్న మాట ఎక్కడ నువ్వుగా మారిందో కూడా గమనించలేదు. ఉన్నట్టుండి తను ఫోర్కు కింద పెట్టింది.

"నేను విస్కాన్సిన్‌లో మా ఊరు వదిలి ఎందుకొచ్చానో చెప్పనా? అక్కడ ఒకతను ఉండేవాడు. రెండేళ్ళు. చాలా బాగా నవ్వించేవాడు. పక్క ఊళ్ళో అతనికి పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. నాకు తెలిసేసరికి రెండేళ్ళయింది."

నాలుగు నెలలు ఈ అమ్మాయికి నేను ఏ రకంగా కనిపించానో అప్పుడు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"నువ్వు అలాంటివాడివి కాదని తెలుసు" అంది. "కానీ ఎల్లిస్, తెలిసి అబద్ధం చెప్పినా, చదవకుండా సంతకం పెట్టినా, అవతల నమ్మి కూర్చున్నదాని గతి ఒకటే. నాకు సరదా మనిషి ఇంకొకడు వద్దు. మాట ఇస్తే అందులో ఏముందో తెలిసి ఇచ్చే మనిషి కావాలి. నువ్వు అలా మారకపోతే ఈ పేస్టీయే ఆఖరిది."

"చదువుతాను" అన్నాను.

"ఏం చదువుతావు?"

"అన్నీ."

అక్కడికక్కడే కెచప్ సీసా వెనక రాసింది మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. తను టేబులు మీద తల పెట్టుకుని నవ్వింది. ఆ కెచప్‌లో ఉల్లిపాయల పొడి ఉంటుందని ఆ రోజే నాకూ తెలిసింది.

ఆ వేసవి ఎలా గడిచిందో నన్నడక్కండి. సరస్సులో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నా నాకు తెలియలేదు. శనివారాలు అమ్మమ్మ ఆవిరిస్నానం గది వేడి చేసి కొరిన్‌ని లోపలికి పంపి, నన్ను కట్టెలు కొట్టమనేది. వాళ్ళిద్దరూ లోపల నా గురించి ఏం మాట్లాడుకుని అంతలా నవ్వేవారో ఇప్పటికీ చెప్పరు. ఆగస్టులో అడవిలోకి వెళ్ళి థింబుల్‌బెర్రీ పళ్ళు కోసుకొచ్చాం. కొరిన్ వాళ్ళ వంటింట్లో జామ్ కాచాం. గిన్నె పొంగి పొయ్యి మీదా, నేల మీదా, టేబులు మీదున్న కాగితాల మీదా ఎర్రగా చిందింది. తన ముక్కు మీద కూడా. అది నేనే తుడిచాను. ఎలా తుడిచానో ఇక్కడ రాయను.

* * *

డిసెంబరు ఇరవై రెండు. జీతాల సెక్షన్ కిటికీ. నా చేతిలో ఫారం.

కొరిన్ తీసుకుని చూసింది. మధ్య గడిలో టిక్కు: పెళ్ళయింది, ఉమ్మడి లెక్క. రెండో మెట్టులో ఆ చిన్న గడి, అందులో కూడా టిక్కు. తన మొహం పాలిపోయింది.

"మళ్ళీనా ఎల్లిస్? మళ్ళీ చదవకుండా..."

"చివరి లైను చూడు."

చూసింది. సంతకం లేదు. తారీఖు మాత్రం ఉంది: డిసెంబరు ముప్ఫై ఒకటి.

"ఇది ఇంకా నిజం కాదు. అందుకే సంతకం పెట్టలేదు" అన్నాను. "ఏడాదిలో ఆఖరి రోజున పెళ్ళి జరిగినా ఆ ఏడాదంతా పెళ్ళయినట్టే లెక్కట. చదివాను. పెళ్ళి లైసెన్సుకి పెట్టాక మూడు రోజులు ఆగాలట. అదీ చదివాను. మిగతాది నీ చేతిలో ఉంది. ఈ ఫారాన్ని నిజం చేస్తావా? నాకు ఈ ఏడాదంతా నీతో పెళ్ళయినట్టే ఉంది కొరిన్. లెక్కలో కూడా అలాగే రాసుకుందాం."

వెనక కాఫీ గదిలో పదిమంది డ్రైవర్లు ఊపిరి బిగబట్టారు. ఎవరి చేతిలోంచో చెంచా పడింది.

కొరిన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తప్పు రాశావు" అంది.

నేను ఫారం మీదికి వంగి చూశాను.

"ఈ గడిలో టిక్కు ఒకళ్ళు పెడితే చాలదని నీకు ఫిబ్రవరిలోనే చెప్పానా లేదా? రెండో ఫారం ఏది?"

"అది... నువ్వు నింపాలి."

"నింపుతాను" అంది. "ముప్ఫై ఒకటిన."

రేనో వచ్చి నన్ను ఎత్తి తిప్పాడు. నడుం పట్టేసి పది రోజులు వంకరగా నడిచాడు.

అంతా బాగానే ఉంది అనుకుంటూండగా ఇరవై తొమ్మిదిన కాఫీ గది గోడ మీద పండగల డ్యూటీ పట్టిక కొరిన్ కంట్లో పడింది. డిసెంబరు ముప్ఫై ఒకటి, పగలు షిఫ్టు: ఎల్లిస్ హకాలా. పక్కన నా స్టైలు సంతకం. నవంబరులో పెట్టింది.

నేను లోపలికి వచ్చేసరికి దాని ముందే నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

"పెళ్ళి రోజున డ్యూటీకి ఒప్పుకున్నావు. సంతకం ఉంది. ఎవరో కాగితం ఇచ్చారు, పెట్టేశావు, అంతేగా?" గొంతు చాలా నెమ్మదిగా ఉంది. అరిచినా బాగుండేది. "ఇన్ని నెలలు కెచప్ సీసాలు చదివి నన్ను నవ్వించావు. నేను నమ్మేశాను."

"చదివే పెట్టాను."

"అబద్ధం చెప్పకు."

"రూటు చూడు. పక్క లైన్లో ఉంది."

కళ్ళు తుడుచుకుని చూసింది. ఆరో నంబరు రూటు. తన వీధి నుంచి, పెళ్ళి జరగబోయే కోర్టు దాకా.

"నవంబరులోనే అనుకున్నాను, అడిగితే ముప్ఫై ఒకటికే అడగాలని" అన్నాను. "ఆ రోజు మంచు తుఫాను వస్తే? నీ ఇంటి నుంచి కోర్టుకి దారి మూసుకుపోతే? ఇంకొకళ్ళ మీద వదల్లేను. అందుకే ఆ రూటు నాకిమ్మని రేనోని బతిమాలి రాయించుకున్నాను. మధ్యాహ్నం గంటసేపు పర్మిషన్ కూడా ఉంది. అదిగో, కింద చిన్న అక్షరాల్లో. చదివి, రెండుసార్లు చదివి పెట్టాను."

కొరిన్ ఆ చిన్న అక్షరాల మీద వేలుపెట్టి చదివింది. తరువాత నా కోటు రెండు చేతులా పట్టుకుని గుండెల మీద తల పెట్టుకుంది. ఆఫీసు టైములో, అందరి ముందూ.

"నన్ను క్షమించు" అంది కోటులోకి.

"పరవాలేదు. నాలుగు నెలలు ముగ్గురు పిల్లల తండ్రిగా బతికినవాణ్ణి."

* * *

ముప్ఫై ఒకటిన తుఫాను నిజంగానే వచ్చింది. సరస్సు మీది మంచంతా మా ఊరి మీదే పోసినట్టు పడింది. పొద్దున ఐదింటినుంచి ఆరో రూట్లో పదమూడుసార్లు తిరిగాను. పన్నెండింటికి కోర్టు మెట్ల దాకా రోడ్డు నల్లగా కనిపించింది. ఆ దారి మీదే కొరిన్ వచ్చింది, తెల్ల గౌను కింద మంచు బూట్లు వేసుకుని. హెల్వక్క పక్కన గొడుగు పట్టింది. అమ్మమ్మ చేతిలో ఏలకుల రొట్టె. నా కోటు మళ్ళీ ఇస్త్రీ చేసి ఉంది.

జడ్జిగారు కాగితం ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. "ఇక్కడ సంతకం పెట్టు బాబూ."

"ఒక్క నిమిషం అండీ" అని చదవడం మొదలుపెట్టాను. పైకి. మొదటి లైను నుంచి. పేర్లు, ఊళ్ళు, పుట్టిన తేదీలు, కింద అచ్చేసిన నంబరుతో సహా.

"వీడు తెల్లారేదాకా చదువుతాడు, రొట్టె చల్లారిపోతుంది!" అని అమ్మమ్మ విసుక్కుంది. రేనో నడుం పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. కొరిన్ మాత్రం తొందరపెట్టలేదు. నవ్వుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా, ఒక్కో మాటా వింటూ నిలబడింది.

మొత్తం చదివాను. అన్నీ నిజమే. సంతకం పెట్టాను. అమ్మమ్మ మా ఇద్దరి నోళ్ళలోనూ రొట్టె ముక్కలు పెట్టి, ఇద్దరి బుగ్గలూ ఒకేలా గిల్లింది. ఆవిడ ఆశీర్వాదం అంతే.

పర్మిషన్ గంట అయిపోయింది. ఇంకో రెండు గంటల డ్యూటీ ఉంది. లారీ ఎక్కుతూంటే పక్క సీటు తలుపు తీసి కొరిన్ కూడా గౌను ఎత్తిపట్టుకుని ఎక్కబోయింది.

"ఆగు. బయటివాళ్ళని ఎక్కించుకోకూడదని బోర్డుంది. చదివాను" అన్నాను.

రేనో గొణుక్కుంటూ జేబులోంచి కాగితం తీసి ఏదో గీకిచ్చాడు. చదివాను: 'జీతాల సెక్షన్ గుమస్తా, రోడ్డు తనిఖీ నిమిత్తం, ఒక్క రోజు. మేస్త్రి కెట్టునెన్.' సరిగ్గానే ఉంది. ఎక్కమన్నాను.

మొదటి వీధి దాటాక ఎర్రదీపం దగ్గర ఆగాం. కొరిన్ సంచీలోంచి ఒక మడత కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

"నా ఫారం. చదువు. మొత్తం."

చదివాను. కొరిన్ డుఫెక్. మధ్య గడిలో టిక్కు. రెండో మెట్టులో చిన్న గడి, అందులో టిక్కు. పిల్లల గీత ఖాళీ. సంతకం, ఈ రోజు తారీఖు. ఆ సిరా మాత్రం కొత్తగా ఉంది. మిగతా సిరా పాతబడింది, మడతల దగ్గర కాగితం అరిగిపోయింది. కింద మూల ఎర్రటి మరక ఉంది.

దగ్గరికి పెట్టుకుని వాసన చూశాను. థింబుల్‌బెర్రీ జామ్.

"ఆగస్టులోనా?" అన్నాను. "నేను అడక్కముందే, ఆగస్టులోనే నింపేశావా?"

"పచ్చదీపం పడింది" అంది కొరిన్, కిటికీలోంచి బయటికి చూస్తూ. చెవులు ఎర్రగా ఉన్నాయి. "లారీ నడుపు."

నడిపాను.